ఉద్యోగం పోయిందని చెప్పుకోవడానికి సిగ్గెందుకు?

ఆమధ్య ఓ మంగళవారం పొద్దున్న పదకొండింటికి మా చిన్నాడపడుచు మా ఇంటికి వచ్చింది. భుజాన హ్యాండ్‌బ్యాగు, అందులో లంచ్‌బాక్సు. ఆ వేళకి తను ఫ్యాక్టరీలో ఉండాలి. హైదరాబాద్ శివార్లలో మందులు ప్యాక్ చేసే ఓ యూనిట్‌లో ఆరేళ్ళుగా పనిచేస్తోంది. "ఏంటమ్మా, సెలవా?" అంటే "ఆఁ వదినా" అంది. కాఫీ తాగింది. నాతో పాటు కూర్చుని గోరుచిక్కుళ్ళు వలిచింది. మధ్యాహ్నం తన బాక్సు తను తింది. సాయంత్రం షిఫ్టు వదిలే వేళకి లేచి, మొహం కడుక్కుని, వెళ్ళిపోయింది.

బుధవారం కూడా వచ్చింది. గురువారం కూడా. మూడోనాడు నేను ఆ బాక్సు లాగేసుకుని, "విషయం చెబితేగానీ ఇవ్వను" అన్నాను. అప్పుడు ఏడ్చింది.

పదకొండు మంది ఆడవాళ్ళని ఒక్కరోజులో తీసేశారట. వీళ్ళంతా కాంట్రాక్టరు కింద ఉన్నవాళ్ళు. "ఆర్డర్లు తగ్గాయి, రేపట్నుంచి రానక్కర్లేదు" అన్నారట. నోటిమాట తప్ప చేతిలో కాగితమ్ముక్క లేదు. మొగుడికి చెప్పింది. అత్తగారికి చెప్పలేదు. పక్కింటివాళ్ళకి అసలే చెప్పలేదు. అందుకే రోజూ బాక్సు సర్దుకుని మా ఇంటికి 'డ్యూటీ'కి వస్తోంది.

"అత్తయ్యగారికి చెప్పడానికి ఏమైంది? ఆవిడేం తిడతారా?" అన్నాను.

"తిట్టరు వదినా. కానీ ఏమవుతుందో నాకు తెలుసు. మగాడి ఉద్యోగం పోతే ఇంటిల్లిపాదీ కూర్చుని ఏం చేద్దామా అని ఆలోచిస్తారు. ఆడదాని ఉద్యోగం పోతే పనిమనిషిని మాన్పించేస్తారు" అంది.

నేను కథలు రాస్తాను. కానీ ఇంత సూటిగా ఒక్క మాటలో చెప్పడం నాకెప్పుడూ చేతకాలేదు.

నిజమే కదా! మన భాషలోనే చూడండి. ఉద్యోగం పోయిన మగవాడు 'నిరుద్యోగి'. ఉద్యోగం పోయిన ఆడది 'ఇంట్లో ఉంటోంది'. నేను డిగ్రీ పాసయ్యాను. ఒక్కరోజు కూడా ఉద్యోగం చేయలేదు. అయినా ఇన్నేళ్ళలో నన్నెవరూ నిరుద్యోగి అనలేదు. ఏ ఫారంలోనైనా 'గృహిణి' అని రాసేస్తే సరిపోయింది. నేను కావాలనే ఇంటిపట్టున ఉన్నాను కాబట్టి నాకా మాటతో పేచీ లేదు. కానీ ఆరేళ్ళు పొద్దున్న ఆరింటికి బస్సెక్కి, ఎనిమిది గంటలు నిలబడి పనిచేసిన మనిషిని కూడా ఒక్కరోజులో అదే మాట కింద కప్పెట్టేస్తే ఎలా? ఇల్లు ఆడదాన్ని ఆదుకునే చోటే. కానీ ఒక్కోసారి ఆ ఇంట్లోకి మనిషి రావడం, ఆ మనిషి చేసిన పని మాయమైపోవడం ఒకేసారి జరిగిపోతాయి.

పనిమనిషిని మాన్పిస్తారు. తర్వాత పిల్లల ట్యూషన్. "నువ్వున్నావుగా, నువ్వే చెప్పు" అంటారు. ఆ తర్వాత బాబుని స్కూలుకి తీసుకెళ్ళే ఆటో. ఒక్కొక్కటీ చూస్తే అన్నీ సబబైన పొదుపులే. కానీ నెల తిరిగేసరికి ఆ మనిషికి ఇంకో ఉద్యోగం వెతుక్కోవడానికి పొద్దున్న ఓ గంట కూడా మిగలదు. ఆర్నెల్లయ్యాక "ఇంకేం ఉద్యోగంలే, ఇల్లు చూసుకుంటోంది" అంటారు. అలా ఎంతమంది ఉద్యోగాలు పోయాయో, అవి పోయిన ఉద్యోగాలని కూడా ఎవరికీ గుర్తుండదు.

ఆరోజు నేను ఊరికే, ఏదో మాట మార్చడానికి, "నీ జీతం కాగితం ఒకటి చూపించు" అన్నాను. బ్యాగులోంచి నాలుగు మడతలు పెట్టిన స్లిప్పు తీసింది. జీతం 12,000. పి.ఎఫ్. కోత. దాని కింద 'ఈ.ఎస్.ఐ.' అని 90 రూపాయలు.

"ఇదేంటి?"

"అదా, ఆస్పత్రికి కట్ చేస్తారు వదినా. నేనెప్పుడూ వెళ్ళలేదు. అంత దూరం ఎవరు పోతారు, లైన్లో ఎవరు నిలబడతారు?"

మనలో చాలామందికి ఈ.ఎస్.ఐ. అంటే ఇంతే తెలుసు. హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళకైతే అదో బస్‌స్టాపు పేరు, ఇప్పుడు మెట్రో స్టేషను పేరు కూడా. కానీ అది ఆస్పత్రి కాదు, బీమా. 1948లో చేసిన చట్టంతో పుట్టింది. జబ్బు చేస్తే, కాన్పు వస్తే, పనిలో దెబ్బ తగిలితే కార్మికుల చేతిలో నాలుగు డబ్బులు ఉండాలని పెట్టింది. జీతంలో నూటికి ముప్పావు రూపాయి మన దగ్గర కోస్తారు. యజమాని తన వంతుగా మూడుంబావు రూపాయలు కలిపి కట్టాలి. 2019 జులై 1 నుంచి ఇదీ లెక్క. అంటే మా ఆడపడుచు 90 రూపాయలకి యజమాని కట్టాల్సింది 390. ఇది ఎవరో దయతలచి ఇచ్చేది కాదు. నెలనెలా మనం కట్టుకున్న చీటీ లాంటిది. కష్టం వచ్చినప్పుడు పాడుకోవాలి, అంతే!

మొదట్లో ఈ చట్టంలో ఉద్యోగం పోవడమనే కష్టానికి చోటులేదు. మన రాజ్యాంగంలో మాత్రం 41వ అధికరణం ఉంది. పని లేనప్పుడు, ముసలితనంలో, జబ్బులో, అంగవైకల్యంలో ప్రభుత్వం తన శక్తిమేరకు ఆదుకోవాలని అందులో రాశారు. ఆ రాజ్యాంగం రాసిన సభలో మన దుర్గాబాయమ్మ కూడా ఒక సభ్యురాలు. బ్రిటన్‌లో 1911లోనే నిరుద్యోగానికి బీమా చట్టం చేశారు. మనకి ఈ.ఎస్.ఐ.లో ఆ కష్టానికి చోటు దొరకడానికి 2005 దాకా పట్టింది. ఆ ఏడాది ఏప్రిల్ 1న రాజీవ్‌గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన పెట్టారు. ఫ్యాక్టరీ మూతపడినా, ఉద్యోగుల్ని తగ్గించుకోవడానికి చట్టప్రకారం తొలగించినా, బీమాలో కొన్నేళ్ళు ఉన్నవాళ్ళకి గరిష్ఠంగా రెండేళ్ళ వరకు నిరుద్యోగ భృతి ఇచ్చే పథకం అది.

తర్వాత 2018 జులై 1న ఇంకొకటి వచ్చింది. పేరు అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన. నోరు తిరగని పేరే, కానీ గుర్తుపెట్టుకోవాల్సిన పేరు. మొదట్లో రోజు సగటు సంపాదనలో నాలుగోవంతు ఇచ్చేవారు. 2020లో కరోనా వచ్చి లక్షల ఉద్యోగాలు ఊడిపోయినప్పుడు, ఆ మార్చి 24 నుంచి పని పోయినవాళ్ళకి వర్తించేలా దాన్ని సగానికి పెంచారు. షరతులూ సడలించారు. జీవితంలో ఒక్కసారి, గరిష్ఠంగా 90 రోజులకి ఇస్తారు. పన్నెండు వేల జీతగత్తెకి మూడు నెలలకి కలిపి సుమారు పద్దెనిమిది వేలన్నమాట. ఆ కాలమంతా మనకీ, మనమీద ఆధారపడ్డవాళ్ళకీ ఈ.ఎస్.ఐ. వైద్యం కూడా ఉంటుంది.

'నిరుద్యోగ భృతి' అనగానే మనకి ఎన్నికల వాగ్దానం గుర్తొస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2018 అక్టోబరులో 'ముఖ్యమంత్రి యువనేస్తం' పేరుతో చదువుకున్న యువతకి నెలకి వెయ్యి రూపాయల చొప్పున ఇచ్చారు. మరుసటి ఏడు ప్రభుత్వం మారాక అది ఆగిపోయింది. అది ఉద్యోగం రానివాళ్ళకి. నేను చెబుతున్నది ఉద్యోగం చేసి పోగొట్టుకున్నవాళ్ళకి, అదీ తాము కట్టిన బీమాలోంచి. రెండింటినీ కలిపేసుకుని "అవన్నీ మనకెక్కడొస్తాయిలే" అనుకోవడం వల్లే చాలామంది ఆ గడప తొక్కడం లేదు.

మా ఆడపడుచూ అలాగే అంది. ఇంతలో మావారు ఆఫీసు నుంచి వచ్చారు. విషయం విని, "మూణ్ణెల్లకి పద్దెనిమిది వేలా? దానికోసం ఆఫీసుల చుట్టూ ఏం తిరుగుతావే! నేనిస్తాలే" అన్నారు. చెల్లెలంటే ఆయనకి ప్రాణం. ఆ మాటలో ప్రేమ తప్ప ఇంకేం లేదు.

అది కాసేపు తలొంచుకుని కూచుంది. తర్వాత, "నువ్విస్తే పసుపుకుంకుమ కింద కళ్ళకద్దుకుని తీసుకుంటా అన్నయ్యా. కానీ ఇది నాది కదా. ముందు నాది నన్ను తెచ్చుకోనీ" అంది.

ఆ రాత్రి తను అత్తగారికి చెప్పేసింది. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదట. తర్వాత, "ఎంతమందిని తీశారు?" అని అడిగారట. పదకొండుమంది అంటే, "పదకొండుమందీ కలిసి వెళ్ళారా, అడగడానికి?" అన్నారట. మర్నాడు మనవణ్ణి స్కూలుకి తీసుకెళ్ళడానికి ఆవిడే చెప్పులేసుకున్నారు. మనం భయపడినంతగా ఇంట్లోవాళ్ళు మనకి శత్రువులేం కారు. మనం దాచుకున్నంతకాలం వాళ్ళకి సాయం చేసే వీలే ఉండదు.

ఇక అసలు సంగతి. ఆ పదకొండుమందినీ పని మాన్పించిన రోజున ఒక్కొక్కర్నీ గదిలోకి పిలిచి, "సొంత కారణాల వల్ల మానేస్తున్నానని ఒక లెటర్ రాసివ్వండి, లెక్క త్వరగా సెటిల్ చేస్తాం" అన్నారట. నలుగురు రాసిచ్చేశారు. మా ఆడపడుచు చేతికి కూడా పెన్ను ఇచ్చారు. "మా ఆయన్ని అడిగి రేపు రాస్తానండీ" అని బయటపడింది. పెళ్ళాం మొగుణ్ణి అడగాలంటే ఎవరు కాదంటారు? ఎన్నోసార్లు మన కాళ్ళకి అడ్డంపడే ఆ మాట ఆరోజు దాని పాలిట రక్షరేకయింది. ఆ 'రేపు' మళ్ళీ రాలేదు.

అక్కాచెల్లెళ్ళూ, ఈ ఒక్క సంగతి మాత్రం మరిచిపోకండి. వాళ్ళు తీసేస్తుంటే, మీరే మానేస్తున్నట్టు రాసివ్వకండి. చట్టప్రకారం ఉద్యోగుల్ని తగ్గించుకునేటప్పుడు, ఏడాదికి పైగా పనిచేసిన కార్మికులకి నెల ముందు నోటీసో, నెల జీతమో ఇవ్వాలి. చేసిన ప్రతి ఏడాదికీ 15 రోజుల సగటు జీతం లెక్కన పరిహారం ఇవ్వాలి. ఆరేళ్ళంటే 90 రోజుల జీతం. రాజీనామా చేసినవాళ్ళకి ఈ లెక్కేదీ రాదు. పైన చెప్పిన 2005 నాటి పథకం కూడా తొలగించినవాళ్ళకీ, కంపెనీ మూతపడ్డవాళ్ళకీ గానీ, తమంతట తాము మానేసినవాళ్ళకి కాదు. 2018 నాటి పథకంలోనూ స్వచ్ఛందంగా పదవీ విరమణ చేసినవాళ్ళకీ, వయసొచ్చి రిటైరైనవాళ్ళకీ, తప్పు చేసినందుకు శిక్షగా తీసేసినవాళ్ళకీ ఇవ్వరని నిబంధన ఉంది. మరి ఆ చిన్న కాగితం మీద సంతకం ఎంత ఖరీదైనదో చూడండి! సంతకం పెట్టిన నలుగురిలో ఇద్దరు అసలు దరఖాస్తే పెట్టుకోలేదు. "మేమే మానేశామని రాసిచ్చాం కదా, ఇంకే మొహం పెట్టుకుని అడుగుతాం?" అన్నారట.

మా ఆడపడుచుకి తొలగించినట్టు కాగితం ఇవ్వమని అడిగితే కాంట్రాక్టరు ఇవ్వలేదు. ఆ కాగితం ఉంటే రెండేళ్ళ దాకా భృతి వచ్చే పథకం తలుపు తట్టేది. అది లేకపోవడం వల్ల 90 రోజుల దానితో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. అంచేత నోటిమాటతో "రావద్దు" అంటే, "ఆ ముక్కే కాగితం మీద రాసివ్వండి" అని అడగండి. ఇవ్వకపోతే మీరే ఓ ఉత్తరం రాయండి. ఫలానా తేదీన ఫలానా వారు పని మానమన్నారని రాసి, రిజిస్టర్డ్ పోస్టులో పంపి, రసీదు దాచుకోండి.

దరఖాస్తుకి నేనూ తోడు వెళ్ళాను. వెళ్ళేముందు ఓ చిన్న పొరపాటు చేశాం. ఈ.ఎస్.ఐ. డిస్పెన్సరీకి వెళ్ళి లైన్లో నిలబడ్డాం. అక్కడ మందులిస్తారు. డబ్బు సంగతి చూసేది బ్రాంచి ఆఫీసు. మీరెళ్ళాల్సింది అక్కడికి. పని పోయి 30 రోజులు దాటాక దరఖాస్తు చేసుకోవాలి. యజమాని సంతకం కోసం తిరగాల్సిన పని లేదు. ఆ పద్ధతి 2020లో తీసేశారు. మనమే నేరుగా పెట్టుకోవచ్చు. ఈ.ఎస్.ఐ. వెబ్‌సైట్‌లో మన పది అంకెల ఇన్సూరెన్స్ నంబరుతో దరఖాస్తు నింపి, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్కు జతచేయాలి. కాగితాలు అందులోనే ఎక్కిస్తే మంచిది. ఎక్కించడం కుదరకపోతే ప్రింటు తీసి సంతకం పెట్టి బ్రాంచి ఆఫీసులో ఇవ్వాలి. స్టాంపు పేపరు మీద ప్రమాణపత్రం అక్కర్లేదు.

అర్హత కూడా అంత పెద్ద చిక్కుముడేం కాదు. పని పోయేముందు కనీసం రెండేళ్ళు బీమాలో ఉండాలి. ఈ.ఎస్.ఐ. వాళ్ళు ఏడాదిని రెండు ముక్కలు చేస్తారు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా ఒకటి, అక్టోబరు నుంచి మార్చి దాకా ఒకటి. పని పోవడానికి ముందరి ముక్కలో 78 రోజుల చందా కట్టి ఉండాలి. దానికి ముందున్న మూడు ముక్కల్లో ఏదో ఒకదానిలో కూడా 78 రోజులుండాలి. ఆరేళ్ళు మానకుండా పనిచేసినదానికి ఇదెంత!

మరి ఎక్కడ చిక్కుపడ్డాం? పేరు దగ్గర!

ఉద్యోగంలో చేరినప్పుడు తన రికార్డుల్లో పుట్టింటి ఇంటిపేరు ఉంది. తర్వాత ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు మార్పించుకుంది. బ్యాంకు పాస్‌బుక్కులో ఇంటిపేరు ముందున్న అక్షరం మాత్రమే ఉంది. మూడు కాగితాల్లో ముగ్గురు ఆడవాళ్ళు! రికార్డులో ఉన్న ఫోను నంబరు వాళ్ళాయనది. ఓ.టి.పి. ఆయన ఫోనుకి పోతుంది. ఆయన డ్యూటీలో ఫోను ఎత్తరు. మగవాళ్ళకి ఈ బాధ లేదు. పుట్టినప్పుడు పెట్టిన పేరుతోనే రిటైరవుతారు. మనం పెళ్ళిలో సంతోషంగా మార్చుకున్న ఇంటిపేరు, పదేళ్ళ తర్వాత ఓ ఆఫీసు బల్ల దగ్గర మనల్ని మనమే కాదని నిలబెడుతుందని ఎవరనుకుంటాం?

ఇంకోటి. కంపెనీ ప్రతినెలా చందా కట్టేటప్పుడు, పనిలో లేనివాళ్ళ పేరు ఎదుట కారణం, ఆఖరి పనిరోజు నమోదు చేస్తుంది. మా ఆడపడుచు పేరు ఎదుట 'సెలవులో ఉంది' అన్నట్టు పెట్టి ఊరుకున్నారు. సెలవులో ఉన్న మనిషికి నిరుద్యోగ భృతి ఎవరిస్తారు? బల్ల దగ్గర ఉన్నాయన మంచాయన. "అమ్మా, కంపెనీ వాళ్ళచేత ఇది సరిచేయించుకుని రండి" అని చీటీ మీద రాసిచ్చారు. మళ్ళీ ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వెళ్ళాల్సి వచ్చింది. ఈసారి తను ఒక్కతే వెళ్ళలేదు. ఏడుగురు కలిసి వెళ్ళారు. అత్తగారన్న మాట గుర్తొచ్చిందట. ఏడుగుర్ని చూసేసరికి లోపలివాళ్ళు ఆ సాయంత్రానికే సరిచేశారు.

మొత్తానికి మూడోసారి తిరిగాక పనయింది. డబ్బు తన ఖాతాలోనే పడింది. ఆ ఖాతా తన ఒక్కదాని పేరు మీదే ఉంది కాబట్టి, వచ్చిందని మొదట తెలిసింది తనకే. ఆ డబ్బు వచ్చేదాకా అన్నయ్య దగ్గర తీసుకున్నది తీర్చేసింది. ఆయన వద్దన్నారు. అయినా ఇచ్చింది. పనిమనిషిని మాన్పించలేదు. ట్యూషనూ మాన్పించలేదు. ఆ మూడు నెలలూ వారానికి రెండు రోజులు ఉద్యోగం వెతుక్కోవడానికే బయటికి వెళ్ళింది.

ఈ భృతి విలువ నాకు అప్పుడే అర్థమైంది. పద్దెనిమిది వేలతో ఎవరి సంసారమూ గట్టెక్కదు. కానీ 'నేను ఇంకా పనిలో ఉన్నదాన్నే, మధ్యలో ఆగానంతే' అని ఆడది ఇంట్లోవాళ్ళకీ, ముందు తనకి తానూ చెప్పుకోవడానికి అది ఓ ఆధారం. ఉద్యోగం పోయిన ఆడదానికి డబ్బుకన్నా ముందు కరువయ్యేది వ్యవధి. ఇల్లు ఆ వ్యవధిని రెండు వారాల్లో మింగేస్తుంది. ఆ మింగుడు ఆపడానికి మూడు నెలలు దొరికినా గొప్పే.

ఇంతా చెప్పాక లోటుపాట్లూ చెప్పుకోవాలి. ఈ పథకాన్ని ప్రయోగాత్మకంగా మొదలుపెట్టి, గడువు తీరినప్పుడల్లా పొడిగిస్తూ వచ్చారు. కార్మికుల దగ్గర చందా మాత్రం ప్రయోగాత్మకంగా కోయరు కదా! కట్టేది శాశ్వతమైనప్పుడు ఇచ్చేది కూడా శాశ్వతంగా చట్టంలో ఉండాలి. మీకు అవసరం పడిన రోజున ఏ గడువు నడుస్తోందో, షరతులు ఎలా ఉన్నాయో బ్రాంచి ఆఫీసులో ఓసారి అడిగి మరీ దరఖాస్తు పెట్టండి.

అసలు ఈ బీమాలోకే రానివాళ్ళు ఎంతమంది లేరు! ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళు, ఇద్దరు ముగ్గురు ఉండే బట్టల కొట్లలో రోజంతా నిలబడేవాళ్ళు, మిషను కుట్టి ముక్కకి ఇంతని తీసుకునేవాళ్ళు... వీళ్ళ పని పోతే అడగడానికి ఆఫీసూ లేదు, ఫారమూ లేదు. మా ఆడపడుచు ఇంట్లో అంట్లు తోమే అమ్మాయిని మాన్పించి ఉంటే, ఆ అమ్మాయి ఎక్కడికి వెళ్ళి దరఖాస్తు పెట్టుకునేది? ఆడవాళ్ళలో ఎక్కువమంది చేసేది ఇలాంటి పనులే. ఇక జీతం పరిమితి కూడా ఉంది. 2017 జనవరి 1న దాన్ని నెలకి 21,000 రూపాయలకి పెంచారు. దానికి పైన ఓ వెయ్యి ఎక్కువ తెచ్చుకుంటూ బీమాలో చేరలేకపోయినవాళ్ళ ఉద్యోగం పోతే, దాచుకున్న పి.ఎఫ్. తీసుకోవడమే గతి. పి.ఎఫ్. అంటే రేపటి ముసలితనాన్ని ఇవాళ వండుకు తినడమే. అది భృతి కాదు.

యజమానుల్ని కూడా ఒకటి అడగాలనిపిస్తుంది. మనిషిని పని మాన్పించే రోజున రాజీనామా కాగితం సిద్ధంగా ఉంటుంది. అదే బల్ల మీద, 'మీకు ఈ హక్కులున్నాయి, ఈ ఆఫీసుకి వెళ్ళండి' అని తెలుగులో అచ్చువేసిన కాగితం ఒకటి ఎందుకుండదు? పెద్ద ఖర్చేం కాదు. ఈ.ఎస్.ఐ. వాళ్ళయినా బ్రాంచి ఆఫీసు గోడమీద కాకుండా, ఫ్యాక్టరీ గేటు మీద, ఆడవాళ్ళు బాక్సులు తినే గదిలో ఆ బోర్డు పెట్టించవచ్చు. పథకం ఉందని ఆఫీసుకి వెళ్ళినవాళ్ళకి మాత్రమే తెలిస్తే లాభమేంటి?

మన వంతు పని కూడా కొంత ఉంది. ఉద్యోగం ఉన్నప్పుడే, అంతా బాగున్నప్పుడే చేసుకోవాల్సిన పని. జీతం స్లిప్పులు పారేయకండి, ఓ కవర్లో దాచండి. ఈ.ఎస్.ఐ. నంబరు ఎక్కడైనా రాసిపెట్టుకోండి. ఆధార్‌లో, బ్యాంకులో, బీమాలో మీ పేరు ఒకే తీరుగా ఉందో లేదో చూసుకోండి. మీ ఫోను నంబరే ఇవ్వండి. మీ పేరు మీద, మీ ఒక్కరి పేరు మీద, ఓ ఖాతా ఉంచుకోండి. స్లిప్పులో ఈ.ఎస్.ఐ. కోస్తున్నట్టు ఉంటే, అది నిజంగా జమ అవుతోందో లేదో ఏడాదికోసారైనా వెబ్‌సైట్‌లో చూసుకోండి. మీకు చేతకాకపోతే ఇంట్లో చదువుకునే పిల్లల్ని అడగండి. సీరియల్ మధ్యలో వచ్చే ప్రకటనల టైము చాలు.

అన్నిటికన్నా ముఖ్యంగా, ఉద్యోగం పోతే దాచుకోకండి. ఉద్యోగం పోవడం తప్పు చేయడం కాదు. ఆర్డర్లు తగ్గింది కంపెనీకి, మన చేతుల్లో పని తగ్గలేదు. అడగందే అమ్మయినా పెట్టదంటారు. మన కష్టం మనం దాచుకుంటే ఇంట్లోవాళ్ళకీ తెలియదు, ఆఫీసువాళ్ళకీ తెలియదు.

మా ఆడపడుచుకి ఈమధ్యే ఇంకో యూనిట్‌లో పని దొరికింది. జీతం పాతదానికన్నా ఐదొందలు తక్కువ. ఇంటర్వ్యూలో "మీరేమైనా అడగాలా?" అన్నారట. ఇదివరకైతే "ఏం లేదండీ" అని లేచి వచ్చేసేది. ఈసారి, "ఈ.ఎస్.ఐ. ఏ తేదీ నుంచి కడతారు?" అని అడిగిందట.

"వాళ్ళేమన్నారే?" అన్నాను.

"ఒకసారి తలెత్తి నాకేసి చూశారు వదినా. తర్వాత చేరిన రోజు నుంచే కడతామన్నారు" అంది, లంచ్‌బాక్సు బ్యాగులో సర్దుకుంటూ.